కతోలిక విశ్వాసాన్ని పంచుకోవడానికి డిజిటల్ మాధ్యమాలు: మన శ్రమ ఎక్కడ పెట్టాలి?

మాధ్యమ సేవకుడు

సభ్యులందరికీ వందనాలు. మా విచారణలో (ఒక గురువు చూసుకునే స్థానిక కతోలిక సంఘంలో) మాధ్యమ సేవకు ముందుకొచ్చినవారు కొద్దిమందే. వారిలోనూ చాలామంది ఉద్యోగాలు ముగించుకుని రాత్రివేళ కూర్చుని పనిచేసేవారు. విచారణ మండలి మాత్రం ఆదివారం దివ్యబలిపూజ (మాస్) ప్రత్యక్ష ప్రసారం, రోజుకొక సువిశేష (సువార్త) వచనంతో చిత్రం, యువత కోసం నిమిషంలోపు వీడియోలు, వాట్సాప్ బృందాల నిర్వహణ అన్నీ ఒకేసారి మొదలుకావాలని ఆశిస్తోంది. ఆ ఆశను నేను తప్పుపట్టడం లేదు. సువిశేషం పదిమందికీ చేరాలన్న తపనే అందులో ఉంది. అయితే అన్నీ అరకొరగా చేయడం కన్నా ఒకటి రెండు పనులు శ్రద్ధగా చేయడం మేలని నాకు అనిపిస్తోంది.

నా ప్రశ్నలు రెండు. మొదట దేనిని చేపట్టాలి? చేసిన పని ఫలించిందో లేదో దేనిని బట్టి తెలుసుకోవాలి? మా సమావేశాల్లో ప్రస్తావనకు వచ్చే కొలమానం ఒక్కటే, ఎంతమంది చూశారన్నది. ఆ అంకె పెరిగిన వారం సంతోషిస్తాం, తగ్గిన వారం దిగులుపడతాం. చూసినవారిలో ఒక్కరు కూడా మాకు పరిచయం కాలేదు. అనుభవం ఉన్నవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాత పత్రికల చదువరి

మీ రెండో ప్రశ్న గురించి ఆరవ పాల్ పోపు 1975 డిసెంబరు 8న వెలువరించిన ‘ఎవాంజెలీ నున్షియాందీ’ అనే, సువార్త ప్రకటన గురించిన లేఖలో ఎంతో లోతుగా ఆలోచించారు. ఇంత శక్తిగల సాధనాలు చేతిలో ఉండి కూడా వాడుకోకపోతే శ్రీసభ (కతోలిక సంఘం) ప్రభువు ఎదుట దోషిగా నిలబడవలసి వస్తుందన్న భావాన్ని 45వ పేరాలో చెప్పారు. చాలామంది అంతవరకే ఉదహరించి ఆగిపోతారు. అదే పేరాలో ఆయన ఇంకొక మాట కూడా అన్నారు. సందేశం వేలమందికి చేరాలి, కానీ వినే ప్రతి ఒక్కరికీ అది తనొక్కరి కోసమే చెప్పినట్టు మనసులో నాటుకోవాలి. ఆ వెంటనే 46వ పేరాలో, ఒక మనిషి మరొక మనిషితో నేరుగా విశ్వాసాన్ని పంచుకోవడం ఎన్నటికీ అవసరమేనని స్పష్టం చేశారు. ఈ రెండు పేరాలనూ విడదీయకుండా చదవాలని నా విన్నపం.

మన పునీతుల జీవితాల్లోనూ ఇదే కనిపిస్తుంది. 1594లో, ప్రొటెస్టంటులే ఎక్కువగా ఉన్న షాబ్లే ప్రాంతానికి (నేటి ఫ్రాన్సులో) వెళ్లిన పునీత ఫ్రాన్సిస్ దె సాల్ గారి ప్రసంగాలు వినడానికి జనం రాలేదు. ఆయన విశ్వాస విషయాలను చిన్న చిన్న పత్రాలుగా రాసి ఇళ్ల తలుపుల కింద నుంచి లోపలికి వేయించారు. అక్కడితో సరిపెట్టుకోలేదు. చలిలో, మంచులో ఊరూరా తిరిగి, చదివినవారితో మాట్లాడి, వారి అనుమానాలు విన్నారు. ఆ పత్రాలు ఆయన రాకకు దారి చేశాయే తప్ప ఆయన చేయవలసిన పనిని అవి చేయలేదు. 1923లో పదకొండవ పయస్ పోపు ఆయనను కతోలిక రచయితలకు, పత్రికా రచయితలకు పాలక పునీతునిగా ప్రకటించారు. ఏటా ప్రపంచ సమాచార సాధనాల దినోత్సవం కోసం పోపు రాసే సందేశం ఆయన పండుగ రోజైన జనవరి 24న వెలువడడం వెనుక ఉన్న కారణం అదే.

రోగుల సహాయకురాలు

నేను ప్రత్యక్ష ప్రసారం పక్షాన మాట్లాడాలనుకుంటున్నాను. ఎందుకంటే ఈ విషయం చర్చకు వచ్చినప్పుడల్లా దానిని తక్కువచేసి మాట్లాడేవారు ఎక్కువవుతున్నారు. మంచం దిగలేని పెద్దవారి దగ్గర ఆదివారం ఉదయం కూర్చున్నవారికి ఆ ప్రసారం విలువ తెలుస్తుంది. తాము దశాబ్దాలపాటు మోకరించిన పీఠం, తమకు తెలిసిన గురువు (ఫాదర్) గొంతు, తాము పాడిన పాటలు ఆ తెరమీద కనిపించి వినిపిస్తే వారి పెదవులు వాటంతటవే కదులుతాయి. వేరే దేశంలోని మహాదేవాలయం నుంచి ఎంత అందమైన ప్రసారం వచ్చినా వారికి అది పరాయిగానే ఉంటుంది. తమ విచారణ తమను మరచిపోలేదన్న ఊరటను ఇవ్వగలిగేది సొంత విచారణ ప్రసారం ఒక్కటే.

అయితే నా ఫిర్యాదు ఒకటుంది. చాలా ప్రసారాల్లో బొమ్మ స్పష్టంగానే ఉంటుంది, మాటే వినపడదు. ప్రసంగం మొదలుకాగానే గోడలకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వనిలో సగం మాటలు కలిసిపోతాయి. వినికిడి తగ్గిన వృద్ధులకు ఆ ప్రసారం వల్ల ప్రయోజనం ఏముంటుంది?

ధ్వని నిర్వాహకుడు

సోదరి చెప్పింది అక్షరాలా నిజం. దీనికి పెద్ద ఖర్చు కూడా అవసరం లేదు. దేవాలయం వెనుక భాగంలో నిలబెట్టిన ఫోను తన సొంత మైకుతో శబ్దాన్ని తీసుకుంటే వచ్చేది ప్రతిధ్వనే. పీఠం మీద, పఠన వేదిక మీద ఉన్న మైకుల శబ్దం ఎలాగూ మిక్సర్‌కు వస్తుంది కాబట్టి, అక్కడి నుంచే ఒక తీగ విడిగా లాగి, ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా ప్రసారం చేసే ఫోనుకో కంప్యూటర్‌కో అందించాలి. అప్పుడు పూజకు వచ్చినవారి జవాబులు, పాటలు మరీ దూరంగా వినిపిస్తాయి. అందుకని జనం కూర్చునే వైపు ఇంకొక మైకు పెట్టి, దాని శబ్దాన్ని కొద్దిగా కలపాలి. కెమెరాల సంఖ్య పెంచాలన్న ఆలోచన ఆ తరువాత చేయవచ్చు. ఒక్క కెమెరా కదలకుండా పీఠాన్ని చూపిస్తూ, మాట స్పష్టంగా వినిపిస్తే చాలు. సాధ్యమైతే వైఫై మీద ఆధారపడకుండా తీగ ద్వారా ఇంటర్నెట్ తీసుకోండి. దివ్యసత్ప్రసాద ప్రతిష్ఠ (అప్పం, ద్రాక్షారసం క్రీస్తు శరీర రక్తాలయ్యే ఘట్టం) సమయంలో ప్రసారం ఆగిపోతే ఇంట్లో చూస్తున్నవారు పడే బాధ చిన్నది కాదు.

నేటి పఠనాలు ఏవో, ఏ అధ్యాయమో వివరణలో ముందుగానే రాసిపెట్టండి. ప్రసంగానికి అక్షర రూపంలో ఉపశీర్షికలు చేర్చగలిగితే వినికిడి లేనివారికి కూడా మేలు జరుగుతుంది. యంత్రం తనంతట తానే చేసే ఉపశీర్షికల్లో పునీతుల పేర్లు, బైబిలు గ్రంథాల పేర్లు దారుణంగా తప్పిపోతుంటాయి. వాటిని ఒక మనిషి దిద్దాలి.

ఒక విచారణ గురువు

ప్రత్యక్ష ప్రసారం రోగులకు ఎంత మేలు చేస్తుందో నేనూ ఎరుగుదును. ఆ మేలును ఒప్పుకుంటూనే దాని హద్దును కూడా చెప్పవలసిన బాధ్యత గురువుగా నాకుంది. 2002లో వాటికనులోని సాంఘిక సమాచార సాధనాల పొంటిఫికల్ మండలి శ్రీసభకూ ఇంటర్నెట్‌కూ ఉన్న సంబంధం గురించి వెలువరించిన పత్రంలో, ఇంటర్నెట్‌లో దివ్యసంస్కారాలు (జ్ఞానస్నానం, దివ్యసత్ప్రసాదం వంటి పవిత్ర కార్యాలు) ఉండవని సూటిగా చెప్పింది. తెరమీద కనిపించే దృశ్యం దివ్యసత్ప్రసాదంలోని క్రీస్తు నిజ సాన్నిధ్యానికీ, రక్తమాంసాలున్న సమాజంతో కలిసి చేసే ఆరాధనకూ సాటిరాదు. మహమ్మారి కాలంలో తన ఉదయకాల పూజను ప్రతిరోజూ ప్రపంచమంతటికీ ప్రసారం చేయించిన పోపు ఫ్రాన్సిస్ గారే, 2020 ఏప్రిల్ 17న ఆ పూజలోనే, ఇది కష్టకాలపు ఏర్పాటని, శ్రీసభ అంటే ప్రజలతోనూ సంస్కారాలతోనూ కలిసి ఉండేదని హెచ్చరించారు.

కనుక ఆరోగ్యంగా ఉండి, రాగలిగి, సౌకర్యం కోసం ఇంట్లో చూసేవారికి ఆదివారం పూజకు రావలసిన బాధ్యత తీరదు. రోగులకు, వారిని విడిచి రాలేని సంరక్షకులకు, తీవ్రమైన కారణం ఉన్నవారికి ఆ బాధ్యతే వర్తించదు. వారికి ప్రసారం ఒక ఆధ్యాత్మిక ఆసరా. నా దృష్టిలో ప్రసారం చేసే ప్రతి విచారణ దానితో పాటు మరొక పని కూడా చేయాలి. ఇంట్లో చూస్తున్న రోగులు ఎవరో తెలుసుకుని, వారి పేర్లు రాసుకుని, గురువు గానీ దివ్యసత్ప్రసాద సేవకులు గానీ వారి ఇంటికి దివ్యసత్ప్రసాదాన్ని తీసుకువెళ్లాలి. ప్రసారం కింద వివరణలో ‘ఇంటికి దివ్యసత్ప్రసాదం కావలసినవారు ఈ నంబరుకు తెలియజేయండి’ అని ఒక్క వాక్యం చేరిస్తే, ఎవరో తెలియని ప్రేక్షకులు మనకు తెలిసిన మనుషులవుతారు.

ఇంకొక మాట. దివ్యసత్ప్రసాదం స్వీకరిస్తున్నవారి ముఖాలను దగ్గరగా చూపకండి. శ్రీసభ న్యాయస్మృతి 220వ నియమం ప్రతి ఒక్కరి పరువునూ వ్యక్తిగత గోప్యతనూ కాపాడుతోంది. దానికి లేచి రానివారు ఎవరో, ఎందుకు రాలేదో కెమెరా లోకానికి చాటనక్కర లేదు.

యువజన కార్యకర్త

గౌరవంతోనే విభేదిస్తున్నాను, ఫాదర్ గారూ. ఈ చర్చ అంతా ఇప్పటికే లోపల ఉన్నవారి చుట్టూ తిరుగుతోంది. ప్రత్యక్ష ప్రసారాన్ని వెతుక్కుని వచ్చేవారు విశ్వాసులే. దేవాలయం మెట్లు ఎన్నడూ ఎక్కనివారు, జ్ఞానస్నానం పొంది కూడా పదిహేనేళ్ల వయసులో వెళ్లిపోయినవారు గంటసేపు సాగే ప్రసారాన్ని తెరవరు. వారు ఉన్నచోటికి మనం వెళ్లాలి. పునీత పౌలు ఏథెన్సులో సమాజ మందిరానికే పరిమితం కాకుండా సంతవీధిలో ఎదురైనవారితో వాదించారని, అక్కడి నుంచి అరెయోపాగుకు (ఆ నగర పెద్దల సభాస్థలికి) వెళ్లారని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం చెబుతోంది. రెండవ జాన్‌పాల్ పోపు 1990 నాటి ‘రెదెంప్తోరిస్ మిస్సియో’ లేఖలో సమాచార ప్రపంచాన్ని నేటి కాలపు తొలి అరెయోపాగు అన్నారు.

అందుకని నిమిషంలోపు వీడియోలకే నా ఓటు. వాటిలో ప్రసంగం పనికిరాదు. ఒక్క ప్రశ్న, ఒక్క జవాబు ఉండాలి. కతోలికులు మరియతల్లిని ఆరాధిస్తారా? దేవునితో నేరుగా మాట్లాడగలిగినప్పుడు గురువు ఎదుట పాపసంకీర్తనం (పాపాలు ఒప్పుకోవడం) ఎందుకు? మంచి దేవుడు ఉంటే పసిబిడ్డకు క్యాన్సరు ఎందుకు వస్తుంది? ఇవి జనం నిజంగా వెతికే ప్రశ్నలు. ఆ వెతుకులాటలో శ్రీసభ గొంతు వినిపించకపోతే ఆ చోటు ఖాళీగా ఉండదు, ఇంకెవరో జవాబు చెబుతారు.

పాత పత్రికల చదువరి

మొదటి రెండు ప్రశ్నలకు నిమిషం సరిపోవచ్చు. మూడో ప్రశ్నకు నిమిషంలో జవాబు చెప్పడానికి మాత్రం ఎవరూ పూనుకోకూడదని నా మనవి. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఆ వీడియోను చూస్తుందని మనసులో ఉంచుకుని ఆలోచించండి. యోబు గ్రంథంలో స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతని పక్కన మౌనంగా కూర్చున్నంతసేపూ మంచి స్నేహితులే. వివరణలు మొదలుపెట్టిన తరువాతనే వారు దేవుని మందలింపుకు గురయ్యారు.

కొత్త విశ్వాసి

నేను కతోలిక కుటుంబంలో పుట్టినదానిని కాను. వీడియోల ద్వారానే శ్రీసభ గురించి మొదట తెలుసుకున్నాను కాబట్టి రెండు పక్షాలకూ ఉపయోగపడే విషయం ఒకటి చెప్పగలనేమో.

యువజన కార్యకర్త గారు చెప్పినట్టు, నన్ను మొదట ఆపింది ఒక చిన్న వీడియోనే. చనిపోయినవారి కోసం కతోలికులు ఎందుకు ప్రార్థిస్తారన్నది దాని విషయం. మా నాన్నగారు పోయిన కొత్తలో ఆ ప్రశ్న నా గుండెలో ఉంది. ఆ తరువాత అలాంటివి చాలా చూశాను. కానీ ఎన్ని చూసినా నేను ప్రేక్షకురాలిగానే ఉండిపోయాను. చూడడం వల్ల కుతూహలం పెరిగింది, అడుగు పడలేదు. ఒక రాత్రి ధైర్యం చేసి ఒక విచారణ పేజీకి ‘నేను కతోలికురాలిని కాను, మా నాన్న కోసం పూజ చేయించవచ్చా?’ అని సందేశం పంపాను. మరుసటి ఉదయానికి జవాబు వచ్చింది. ‘తప్పకుండా చేయించవచ్చు. మీ నాన్నగారి పేరు చెప్పండి. మీరు కూడా రాగలిగితే మొదటి వరుసలో కూర్చోనక్కర లేదు, ఎప్పుడు లేవాలో ఎప్పుడు కూర్చోవాలో చెప్పడానికి నేను మీ పక్కన ఉంటాను’ అని ఒక అమ్మగారు రాశారు. అంత సామాన్యమైన ఆ మాటలే నన్ను గుమ్మం దాటించాయి. తెలియని చోట అందరూ నన్నే చూస్తారేమోనన్న భయం నాకు ఉందని ఆమె అడగకుండానే గ్రహించారు. తరువాత నాకు జ్ఞానస్నానపు తల్లి ఆమే అయ్యారు.

అంతకుముందు మరో రెండు పేజీలకు కూడా ఇలాంటి సందేశమే పంపాను. అవి మంచి వీడియోలు పెట్టే పేజీలే, కానీ వాటి నుంచి ఈనాటికీ జవాబు లేదు. మాధ్యమ సేవకుడు గారూ, మీకున్న కొద్దిమందిలో ఒకరిని సందేశాలకు జవాబు రాయడానికే కేటాయించండి. అది మిగతా పనులన్నింటికన్నా ముందు చేయవలసిన పని.

మఠకన్య

ఈ సాక్ష్యానికి దేవునికి కృతజ్ఞతలు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఇతియోపియా అధికారి రథంలో కూర్చుని యెషయా గ్రంథాన్ని చదువుకుంటూ ఉంటాడు. అతని చేతిలో దేవుని వాక్యం ఉంది, చదవాలన్న ఆసక్తి కూడా ఉంది. అయినా ‘నీవు చదువుతున్నది నీకు అర్థమవుతోందా?’ అని ఫిలిప్పు అడిగినప్పుడు, ఎవరైనా వివరించకపోతే ఎలా అర్థమవుతుందని అతడు బదులిచ్చి, పక్కన కూర్చోమని ఫిలిప్పును వేడుకున్నాడు. మన పేజీల దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఆ అధికారి వంటివారే.

సందేశాలకు, వ్యాఖ్యలకు జవాబు రాసే సేవలో నేను కొంతకాలంగా ఉన్నాను. అందులో నేర్చుకున్నది కొంత చెబుతాను. బహిరంగ వ్యాఖ్యల్లో వచ్చే ప్రశ్న అన్నివేళలా ప్రశ్న కాదు. కొన్నిసార్లు అది గాయం. శ్రీసభను దూషిస్తూ రాసినవారికి వెంటనే వాదంతో జవాబిస్తే వాదమే మిగులుతుంది. ‘మీకు ఎక్కడో బాధ కలిగినట్టు అనిపిస్తోంది, చెప్పదలచుకుంటే వింటాను’ అని విడిగా రాస్తే, కొందరు తిట్టి వెళ్లిపోతారు, కొందరు తమ కథ మొత్తం చెబుతారు. మన ఆశకు కారణం అడిగినవారికి జవాబివ్వడానికి సిద్ధంగా ఉండాలని, అయితే దానిని సాత్వికంతోనూ గౌరవంతోనూ చేయాలని పునీత పేతురు గారి మొదటి లేఖ మూడవ అధ్యాయం చెబుతోంది. మన వాళ్లు మొదటి సగాన్ని కంఠస్థం చేసి రెండవ సగాన్ని వదిలేస్తున్నారని నా ఆవేదన.

కతోలికులు కతోలికులతోనే బహిరంగంగా తగవులాడడం ఇంకా ఎక్కువ హాని చేస్తోంది. పూజ ఏ భాషలో ఉండాలి, సత్ప్రసాదాన్ని చేతిలో తీసుకోవాలా నాలుక మీద తీసుకోవాలా అంటూ ఒకరి విశ్వాసాన్ని ఒకరు శంకిస్తూ రాసే వ్యాఖ్యలను బయటివారు చదువుతున్నారు. 2023 మే 28 తేదీతో వాటికను సమాచార విభాగం సామాజిక మాధ్యమాల గురించి వెలువరించిన ధ్యానపత్రం మంచి సమరీయుని ఉపమానం చుట్టూ అల్లబడింది. దారిపక్కన పడి ఉన్నవారిని చూసి ఆగే మనుషులుగా ఉండమని అది మనల్ని అడుగుతోంది.

సత్యోపదేశ బోధకురాలు

వాట్సాప్ బృందాల గురించి ఎవరూ రాయలేదు. మా పిల్లలకు, వారి తల్లిదండ్రులకు విశ్వాస విషయాలు ఎక్కువగా అందేది అక్కడి నుంచే, ఎక్కువ తప్పులు అందేదీ అక్కడి నుంచే. కన్నీరు కారుస్తున్న స్వరూపం వీడియో, పదిమందికి పంపకపోతే కీడు జరుగుతుందన్న ప్రార్థన, పోపు గారు అననే అనని మాటలు ఆయన బొమ్మ మీద రాసి పంపే చిత్రాలు నిత్యం వస్తుంటాయి. పంపేవారి భక్తిని నేను శంకించను. కానీ బెదిరింపుతో ముగిసే ప్రార్థన క్రైస్తవ ప్రార్థన కాదని పిల్లలకు మొదటి పాఠంలోనే చెబుతాను.

అద్భుతాల విషయంలో శ్రీసభ ఎంత నిదానంగా అడుగు వేస్తుందో అందరికీ తెలియాలి. వాటికనులోని విశ్వాస సిద్ధాంత విభాగం 2024 మే 17న కొత్త నియమాలు వెలువరించింది. అవి మే 19 నుంచి అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం స్థానిక మేత్రాణులు (బిషప్) దర్యాప్తు జరిపించి, తమ నిర్ణయాన్ని ఆ విభాగానికి పంపి, దాని ఆమోదం పొందిన తరువాతే ప్రకటించాలి. అనుకూలమైన నిర్ణయం వచ్చినా, సాధారణంగా అది ఆ భక్తికి అడ్డులేదని చెప్పడమే తప్ప, ఆ సంఘటన దేవుని నుంచి వచ్చిందని ధ్రువీకరించడం కాదు. మేత్రాణులే అంత జాగ్రత్తగా మాట్లాడుతున్నప్పుడు మనం ఒక్క వేలితో లోకమంతటికీ పంపడం సబబేనా?

పునీత కార్లో అకుటిస్ గారి ఆదర్శం ఇక్కడ పనికొస్తుంది. 1991లో పుట్టి, 2006 అక్టోబరు 12న పదిహేనేళ్ల వయసులో రక్త క్యాన్సరుతో మరణించిన ఆ బాలుడిని 2025 సెప్టెంబరు 7న పద్నాలుగవ లియో పోపు పునీతునిగా ప్రకటించారు. అతడు ఇంటర్నెట్‌ను వాడాడని చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టు. శ్రీసభ గుర్తించిన దివ్యసత్ప్రసాద అద్భుతాలను ఓపికగా సేకరించి, ఒక్కొక్కటి ఎప్పుడు ఎక్కడ జరిగిందో క్రమంగా అమర్చాడు. తెర ముందు గడిపే సమయానికి తనకు తానే హద్దు పెట్టుకున్నాడు. ప్రతిరోజూ పూజకు వెళ్లాడు. పిల్లలకు ఈ మూడూ కలిపే చెప్పాలి.

పిల్లల ఫొటోల గురించి ఒక నిబంధన తప్పనిసరిగా పెట్టుకోండి. తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి లేకుండా ఏ బిడ్డ ముఖమూ విచారణ పేజీలో రాకూడదు. అనుమతి ఉన్నా పేరు, పాఠశాల, ఇల్లు తెలిసేలా రాయకూడదు. పెద్దవారు ఏ పిల్లవాడితోనూ విడిగా సందేశాలు నడపకూడదు. సత్యోపదేశం (పిల్లలకు విశ్వాస బోధన) బృందంలో కనీసం ఇద్దరు పెద్దలు, వీలైతే తల్లిదండ్రులు కూడా ఉండాలి. ఈ విషయంలో మొహమాటానికి చోటు లేదు.

మాధ్యమ సేవకుడు

ఇన్ని వివరాలు రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. కొత్త విశ్వాసి గారు రాసింది మండలి సమావేశంలో చదివి వినిపించడానికి వారి అనుమతి కోరుతున్నాను. మరో మూడు సందేహాలు ఉన్నాయి. మా యువకులు కొందరు సొంతంగా ‘కతోలిక’ అన్న పేరుతో యూట్యూబ్ ఛానల్ పెట్టాలనుకుంటున్నారు, దానికి అనుమతి అవసరమా? రాత్రివేళ వచ్చే సందేశాల్లో కొందరు తమ పాపాలు చెప్పుకుంటున్నారు, ఏం చేయాలి? జవాబులు రాయడానికి కృత్రిమ మేధను వాడుకోవచ్చా?

ఒక విచారణ గురువు

మొదటిదానికి శ్రీసభ న్యాయస్మృతి 216వ నియమంలోనే జవాబు ఉంది. సొంత చొరవతో అపోస్తలిక సేవ (విశ్వాసాన్ని చాటే సేవ) చేపట్టే హక్కు ప్రతి విశ్వాసికీ ఉంది. ఆ హక్కును కాదనే అధికారం నాకు లేదు. కానీ శ్రీసభ అధికారి సమ్మతి లేకుండా ఏ కార్యమూ తనకు తానే ‘కతోలిక’ అన్న పేరు పెట్టుకోరాదు. మీ యువకులను వేరే పేరుతో మొదలుపెట్టమనండి, లేదా మేత్రాసనానికి (బిషప్ కార్యాలయానికి) రాసి సమ్మతి తీసుకోమనండి. సిద్ధాంత విషయాలు మాట్లాడే వీడియోలను ప్రచురించే ముందు గురువుకో, చదువుకున్న ఉపదేశికో చూపించుకోవడం మంచిది. దీనిని వారు నిఘాగా భావించనక్కర లేదు. నా ప్రసంగాన్ని కూడా నేను తోటి గురువుకు చూపించిన సందర్భాలు ఉన్నాయి.

రెండోది చాలా సున్నితమైనది. సందేశం ద్వారా గానీ, ఫోను ద్వారా గానీ, వీడియో ద్వారా గానీ పాపసంకీర్తన సంస్కారం జరగదు. అలా చెప్పుకున్నవారిని తీర్పు తీర్చకుండా, వివరాలు అడగకుండా ఆపి, ‘మీరు చెప్పదలచుకున్నది గురువు దగ్గర చెప్పుకోండి, అక్కడ మీకు పాపవిమోచనం దొరుకుతుంది’ అని చెప్పి, గురువు ఎప్పుడు ఎక్కడ దొరుకుతారో తెలపండి. ఆ సందేశాన్ని బృందంలో ఎవరికీ పంపకండి, తెర ఫొటో తీయకండి. అది సంస్కారపు ముద్ర (పాపసంకీర్తనలో విన్నది గురువు బయటపెట్టకూడదన్న కట్టుబాటు) కిందికి రాకపోయినా, నమ్మి చెప్పిన రహస్యాన్ని కాపాడడం మీ ధర్మం. సంస్కారం విషయానికొస్తే, 2021 డిసెంబరు 8 నుంచి అమలులో ఉన్న సవరించిన 1386వ నియమం, పాపసంకీర్తనలోని మాటలను పరికరాలతో రికార్డు చేసినా, మాధ్యమాల్లో వెల్లడించినా శిక్ష విధిస్తుంది. పాపసంకీర్తన గూడు దగ్గరికి ఫోనులు తేవద్దని నేను మా విచారణలో చెబుతుంటాను.

ఎవరైనా ప్రాణం తీసుకుంటానని రాస్తే మాత్రం రహస్యం పేరుతో ఆగకండి. వెంటనే అత్యవసర సేవలకు తెలియజేయండి, ఆ మనిషిని మాటల్లో ఉంచండి.

ధ్వని నిర్వాహకుడు

కృత్రిమ మేధ విషయంలో నా వంతు చెబుతాను. ఉపశీర్షికల మొదటి ప్రతి తయారుచేయడానికి, పాత ప్రసంగాల్లో ఏ విషయం ఎక్కడ ఉందో వెతకడానికి, చిత్రాల కొలతలు మార్చడానికి వాడుతున్నాం. చాలా శ్రమ తగ్గింది. కానీ విశ్వాస సిద్ధాంతం గురించి అది ఎంతో నమ్మకంగా తప్పు చెప్పగలదు. లేని పోపు లేఖలను, లేని పేరా సంఖ్యలను సృష్టించి చూపించగలదు. అది ఇచ్చిన ప్రతి ఉటంకింపునూ మూలంలో సరిచూడనిదే వాడకండి. పునీతుల గొంతును, పోపు గారి గొంతును అనుకరించి కొత్త మాటలు పలికించే వీడియోలను ఎంత మంచి ఉద్దేశంతోనైనా చేయవద్దు. అది అబద్ధమే అవుతుంది. వాటికను 2025 జనవరి 28న వెలువరించిన ‘అంతీక్వా ఎత్ నోవా’ పత్రం ఈ యంత్రాలను మనుషులుగా భ్రమింపజేయడం గురించి గట్టిగానే హెచ్చరించింది.

కొత్త విశ్వాసి

నేను రాసింది నిరభ్యంతరంగా చదివి వినిపించండి. ఒక్కటి మాత్రం చేర్చండి. ఆ రాత్రి నాకు యంత్రం జవాబిచ్చి ఉంటే, పూజ చేయించవచ్చన్న సమాచారం క్షణంలో దొరికేది. ‘నేను మీ పక్కన ఉంటాను’ అన్న మాట మాత్రం దాని నుంచి రాదు. వచ్చినా నిజం కాదు.

యువజన కార్యకర్త

నా మాటకు ఒక సవరణ చేసుకుంటున్నాను. చిన్న వీడియోలు అవసరమేనన్న నా అభిప్రాయం మారలేదు. అయితే జవాబిచ్చే మనిషి సిద్ధంగా లేనప్పుడు వీడియో పెట్టకూడదని ఒప్పుకుంటున్నాను. 2025 జూలైలో రోములో జరిగిన డిజిటల్ మిషనరీల (ఇంటర్నెట్‌లో విశ్వాసాన్ని పంచేవారి) జూబిలీ ఉత్సవానికి వచ్చినవారితో పోపు లియో గారు కూడా, మన పని కేవలం విషయాలను తయారుచేసి పెట్టడం కాదని, హృదయాలు కలుసుకునేలా చేయడమని చెప్పారు. మా బృందంలో ఇకపై ప్రతి వీడియో చివర ఒక పేరు, ఒక సమయం ఉంటాయి. ‘ఈ విషయం మీద మాట్లాడాలనుకుంటే ఫలానా సిస్టర్ గారు బుధవారం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు సందేశాలు చూస్తారు’ అని రాస్తాం.

మాధ్యమ సేవకుడు

మండలి ముందు పెట్టబోయే ప్రతిపాదన ఇది. ముందుగా సందేశాలకు జవాబు రాయడానికి ఇద్దరిని నియమించడం, ఒకరు అలసిపోతే మరొకరు అందుకునేలా. ప్రత్యక్ష ప్రసారం ఆదివారం ఒక్క పూజకే పరిమితం, ఒక్క కెమెరాతో, శబ్దం మిక్సర్ నుంచి. దాని కింద ఇంటికి దివ్యసత్ప్రసాదం కోరేవారి కోసం ఫాదర్ గారు చెప్పిన వాక్యం. చిన్న వీడియోలు వారానికి ఒకటే, దాని కింద వచ్చిన ప్రశ్నలకు జవాబు రాయడం పూర్తయ్యాకే తరువాతది. రోజువారీ చిత్రాలను ప్రస్తుతానికి ఆపేస్తున్నాం. పిల్లల ఫొటోల నిబంధనను రాతపూర్వకంగా ఆమోదింపజేస్తాం. సమావేశాల నివేదికలో చూసినవారి సంఖ్యకు బదులు ఎంతమంది రాశారు, ఎంతమందికి జవాబిచ్చాం, ఎంతమందిని కలిశాం అన్నవి ఉంటాయి.

మఠకన్య గారికి చివరిగా ఒక ప్రశ్న. జవాబులు రాసే ఇద్దరికీ మీరు మొదట ఏం నేర్పమంటారు?

మఠకన్య

సత్యోపదేశ గ్రంథాన్ని (శ్రీసభ బోధనల సంపుటిని) దగ్గర పెట్టుకోవడం, తెలియనిదానికి ‘కనుక్కుని చెబుతాను’ అని రాసి నిజంగా కనుక్కుని చెప్పడం నేర్పండి. రాత్రి పది దాటాక జవాబు రాయవద్దనండి. అలసటలో రాసిన మాటలో దయ తగ్గుతుంది, పైగా వారికీ కుటుంబాలు ఉన్నాయి. రాసినవారి పేర్లను ఒక పుస్తకంలో రాసుకుని, జవాబు మొదలుపెట్టే ముందు ఆ ఒక్కరి కోసం ఒక పరలోక జపం (‘పరలోకమందున్న మా తండ్రీ’ ప్రార్థన) చెప్పుకోమనండి. జవాబు వచ్చాక మూడు వారాలపాటు ఏమీ రాయనివారిని ‘ఎలా ఉన్నారు?’ అని ఒక్కసారి పలకరించమనండి. వారు తిరిగి రాయకపోతే ఇక ఒత్తిడి చేయకుండా, ఆ పేరును ప్రార్థనలో ఉంచమనండి. కావాలంటే మొదటి నెల ఆ ఇద్దరితో నేను కూడా కూర్చుంటాను, మీ సమావేశం తేదీ తెలియజేయండి.